వంకోళ్ల వరస

అడుగూరు, మూడో బిలం, గాలి చిట్టా. రాసేది సుంకులమ్మ.

నమోదు 1

గాలి సరిగ్గానే ఆడుతోంది. పెద్ద ఫ్యాను కాస్త మూలుగుతుంటే గ్రీజు పెట్టాను. పైన ధూళి ఎక్కువగా ఉంది, జల్లెడలు విప్పి దులిపాను.

ఈ చిట్టాలో నేను రాయాల్సింది అంతే. ఆ మొదటి ముక్క దాటి ఎవరూ చదవరని నాకు ఎప్పుడో తెలుసు. ఒకసారి "ఫ్యాను బాగుంది, నా మొగుడి గురక అంతకంటే బాగుంది" అని రాస్తే కమిటీ వాళ్లు కింద సంతకం పెట్టి పంపారు. కాబట్టి మిగతా పేజీ నాది. నిన్న జరిగింది ఎక్కడో ఒకచోట కక్కకపోతే నా గుండె పగిలేలా ఉంది.

నిన్న ముద్దల వేళ అందరం పెద్ద గుహలో కూర్చున్నాం. మా ఊళ్లో తిండి అందరికీ ఒకేచోట. కోదండప్ప మైకు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. ఆయన ఊరి కమిటీ పెద్ద, మా నాయనకు ఒకప్పటి స్నేహితుడు. పొదిగే గది ఫలితాలు నెలకోసారి చదివేది ఆయనే. ఊరి నీళ్లు, ఊరి కరెంటు ఖర్చుపెట్టి కడుపులో నాటిన మొలకలు కదా, నిలిచిందీ లేనిదీ ఊరందరికీ తెలియాలట.

"చిట్టెమ్మ. వంక ఉండాది. మొలక నిలిచింది. అదృష్టం," అని చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"హుసేనమ్మ. వంక లేదు. నిలవలేదు. కారణం తెలీదు." అందరూ అయ్యో అన్నారు.

"సుంకులమ్మ. వంక ఉండాది. రెండో మొలక. నిలవలేదు. కారణం, వంక."

దీనికి ఎవరూ ఏమీ అనలేదు. ఇందులో వింతేముంది అన్నట్టు తలలు వంచుకుని ముద్ద తుంచుకోసాగారు. నా పక్కన కూర్చున్న నా మొగుడు రంగముని తన కంచంలో పప్పు తీసి నా కంచంలో వేశాడు. పాపం, ఓదార్చడం అంటే ఆయనకు తెలిసింది అదే.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. రెండు వారాలు నా కడుపులో ఉన్న ప్రాణి గురించి ఆయన చదివిన తీరు, పాడైపోయిన బల్బు గురించి చదివినట్టు ఉంది.

నమోదు 2

గాలి బాగుంది. ఎండ పైన నిప్పులు చెరుగుతోంది, మధ్యాహ్నం బిలం మూత సగం వేశాం.

ఎవరైనా పొరపాటున ఇది చదివితే వాళ్లకు అర్థం కావాలి కదా, అందుకని వంక సంగతి రాస్తున్నాను. పైన బతకలేక మా పెద్దలు ఈ నాపరాతి గనుల్లోకి దిగినప్పటి నుంచి అడుగూరులో ఎవరికీ కడుపు దానంతటది పండదు. గుడ్డునూ మగకణాన్నీ గాజు గిన్నెలో కలిపి, పోషక ద్రవంలో పెంచితే మొలక అవుతుంది. దాన్ని పొదిగే గదిలో డాక్టర్ వారిజ మా కడుపులో నాటుతుంది. ఆమె చెయ్యి మంచిదే. నోరు మాత్రం పొదుపు.

నాకు పెళ్లైన ఏడాదే నా క్రోమోజోముల ఫొటో తీసింది. జతలు జతలుగా వరసలో పేర్చి ఉన్నాయి. తొమ్మిదో జతలో ఒకదాన్ని చూపించి, ఇక్కడ నడుం దగ్గర ఒక ముక్క తలకిందులుగా తిరిగింది అని చెప్పింది.

"అంటే ఏమైనా పోయినట్టా?" అని అడిగాను.

"ఏం పోలేదు. పుస్తకం కుట్టేటప్పుడు ఒక కాగితం తలకిందులుగా పడింది అనుకో. అక్షరాలన్నీ ఉండాయి."

"మరి ఇబ్బందేంది?"

"ఉండకూడదు. కానీ నీలాంటోళ్లకు నిలవడం లేదు. లెక్కలు అట్లుండాయి."

ముక్కలు తగ్గిపోయే రకాలు, ఎక్కువయ్యే రకాలు వేరే ఉన్నాయట. అవి ఉంటే నిజంగానే మొలకలు చెడిపోతాయట. నాది ఆ బాపతు కాదు. అయినా కమిటీ అందరినీ ఒకే గాటన కట్టి వంక అని పేరు పెట్టింది. వంక లేనోళ్లకు ఎన్నిసార్లైనా గుడ్లు తీస్తారు. వంకోళ్లకు ఒక్కసారే తీసి మూడు మొలకలు నాటుతారు. తర్వాత పేరు కొట్టేస్తారు.

నావి రెండు అయిపోయాయి. మూడోది చలిపెట్టెలో ఉంది. నాకు ముప్పై ఎనిమిదేళ్లు. నాకు బిడ్డ కావాలి. ఊరికి జనం కావాలని కాదు, నాకే కావాలి. ఇది ఎవరి ముందూ ఇంత సూటిగా చెప్పలేదు, ఫ్యాను ముందు చెబుతున్నాను.

నమోదు 3

గాలి బాగుంది. ఈ రోజు నాతోపాటు హుసేనమ్మ డ్యూటీ.

ఇద్దరం నిచ్చెన మీద కూర్చుని జల్లెడలు దులుపుతున్నాం. హుసేనమ్మ నాకంటే చిన్నది, నోరు నాకంటే పెద్దది. ఈ రోజు మాత్రం మూగనోము పట్టినట్టు కూర్చుంది. దాని మొలక పోయిన బాధ దానికీ ఉంటుంది కదా అని నేనూ కదిలించలేదు. చివరికి అదే మొదలుపెట్టింది.

"మా ఇంట్లో ఎవురికీ ఇట్ల కాలేదు మే. మా అమ్మకు తొలిసారే నిలిచింది, మా అక్కకు తొలిసారే. నాకేమొచ్చింది?"

"నీకేం వంక లేదు కదా, వచ్చేసారి నిలుస్తాదిలే."

"అది కాదు. నా ఒళ్లు బాగుండాది, నా మొలక బాగుండాదని డాక్టరమ్మే చెప్పింది. ఒక్కటే తేడా. నేను ఆఖర్న పోయినా."

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల నాటే వారం మొదటి రోజున పైన సుడిగాలి లేచి బిలం మూతి పూడుకుపోయింది. తాళ్లు కట్టుకుని ఎక్కింది మేమిద్దరమే. ఆ రోజు నాటించుకోవాల్సిన హుసేనమ్మ దిగి రాలేని పరిస్థితి. ఓబులక్కతో కలిసి మాకు సంగటి మోసుకొచ్చిన చిట్టెమ్మకు, నేనూ ఓబులక్కా సాక్షులుగా, తన వరస బిళ్ల ఇచ్చేసి, చిట్టెమ్మ ఆఖరి రోజు బిళ్ల తను తీసుకుంది.

వరస బిళ్ల లేకుండా అడుగూరులో ఏదీ జరగదు. నీళ్లకు, స్నానానికి, నిచ్చెనకు, అన్నింటికీ అరచేయంత నాపరాతి బిళ్ల, దాని మీద అంకె. ఇద్దరు సాక్షుల ముందు ఎవరి బిళ్ల ఎవరైనా మార్చుకోవచ్చు. గనిలోకి దిగిన తొలినాళ్ల నుంచీ ఉన్న కట్టు అది. కాకపోతే పొదిగే గది మొదటి బిళ్లను వదులుకునే పిచ్చిది అంతకుముందు ఎవరూ లేరు.

ఎందుకంటే మొదటి రోజుల బిళ్లలు వంక లేనోళ్లవి. మంచి నీళ్లు శుద్ధి యంత్రం కడిగిన రోజే దొరుకుతాయి, అది నెలకోసారి. ఆ నీళ్లతో డాక్టరమ్మ పోషక ద్రవం ఒకేసారి కలుపుతుంది. వారమంతా అదే. తాజా ద్రవం నిలిచేవాళ్లకు పోవాలి కాబట్టి వంక లేనోళ్లు ముందు, వంకోళ్లు వెనక.

నేను జల్లెడ పక్కన పెట్టాను.

"హుసేనీ, చిట్టెమ్మకు వంక ఉండాది. తాజా దాంట్లో పెంచినారు, నిలిచింది. నీకు వంక లేదు. పాచిపోయిన దాంట్లో పెంచినారు, నిలవలేదు."

అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. "ఓయమ్మో," అంది హుసేనమ్మ.

నమోదు 4

గాలి సరే. నేనే సరిగ్గా లేను. డ్యూటీ దిగి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

ఆమె గాజు గిన్నెలు ఉడకబెడుతోంది. నేను చెప్పింది చివరిదాకా విన్నది, అది ఆమె మంచితనం.

"ఇద్దరితో రుజువు కాదు సుంకులమ్మా. మొలక నిలవకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. అంతా బాగున్నోళ్లకు కూడా సగం నిలవవు."

"సరే, ఇద్దరు చాలరు. వంకోళ్లకు నిలవదని మొదట్లో రాసినప్పుడు ఎంతమందిని చూసి రాసినారు?"

"నేను అప్పుడు లేను. పదిమంది ఉండొచ్చు."

"ఆ పదిమందికి కొత్త ద్రవమా, పాతదా?"

ఆమె మంట తగ్గించింది. "తెలీదు," అంది.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత అందరూ చివరనే కదా."

"అంటే చివర పెడతారు. నిలవదు. నిలవలేదు కాబట్టి చివర పెడతారు. ఇదేం న్యాయం డాక్టరమ్మా? నా వంకను నువ్వు ఎప్పుడైనా తాజా నీళ్లలో చూసినావా?"

ఆమె ముఖం ఎర్రబడింది. నా మీద కోపమో ఇంకెవరి మీదో తెలియలేదు. వరస మార్చే అధికారం తనకు లేదని, కోదండప్పతో మాట్లాడమని చెప్పింది. నేను తలుపు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచి, "నువ్వు అడిగింది తప్పు కాదు," అంది. ఆ ఒక్క మాట కోసం నేను పోలేదు, అయినా పోయినందుకు అది దొరికింది.

నమోదు 5

గాలి బాగుంది, ధూళి తగ్గింది.

వచ్చే నెల బిళ్లలు పంచారు, సంచిలో చెయ్యి పెట్టి ఎవరిది వాళ్లు తీసుకోవడమే. నాకు ఆఖరి రోజుది వచ్చింది. హుసేనమ్మకు మళ్లీ మొదటిదే. అది సాయంత్రం మా గదికి వచ్చి బిళ్ల నా ఒళ్లో పడేసింది.

"తీసుకో."

"నీకు పిచ్చి పట్టిందా? మళ్లీ ఆఖర్న పోతావా?"

"నాకు చలిపెట్టెలో ఇంకా ఉండాయి. అవైపోతే మళ్లీ తీస్తారు. నీకు ఒక్కటే."

"వద్దు మే. నీకు నిలవకుంటే నీ మొగుడు నన్ను తిడతాడు."

"నన్ను తిట్టనోడు నిన్నేం తిడతాడు? ఊరికే ఇస్తాండా అనుకోవద్దు. నాకు నిలవలేదు, కారణం తెలీదంట. తెలుసుకోవల్ల అని నాకూ ఉండాది. నీకొక్కదానికేనా రోషం?"

దాన్ని పట్టుకుని ఏడ్చాను, ఇక్కడ దాచడం ఎందుకు. సాక్షులుగా చిట్టెమ్మను, రంగమునిని పిలిచాం. బిళ్లలు మార్చుకున్నాం. "చూసినా," అంది చిట్టెమ్మ. "చూసినా," అన్నాడు రంగముని.

నమోదు 6

గాలి గురించి రాయబుద్ధి కావడం లేదు. ఆడుతోంది.

మార్పిడి సంగతి కమిటీకి తెలిసింది. కోదండప్ప ముద్దల వేళ అందరిముందూ నన్ను నిలబెట్టాడు.

"బిళ్ల మార్పిడి నీళ్లకు, స్నానానికి, నిచ్చెనకు. కడుపుకు కాదమ్మా. చెల్లదు."

"పోయిన నెల చిట్టెమ్మ మార్చుకుంది కడుపుకే కదా పెద్దనాయనా. అది చెల్లింది."

"అది సుడిగాలి వల్ల."

"సుడిగాలి చెప్తే చెల్లుతాది, మనిషి చెప్తే చెల్లదా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కోదండప్పకు కోపం వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు, అది కూడా రాయాలి. ఈ ఊళ్లో పుట్టేవాళ్లకంటే పోయేవాళ్లే ఎక్కువ, ఒక్క మంచి మొలక వృథా అయినా మనం ఒక మనిషిని పోగొట్టుకున్నట్టే అని ఆయన గట్టిగా అన్నప్పుడు, ఆయన భయం నాకు కనబడింది. పోయిన ఏడాది ఆయన ఇద్దరు మనవళ్లను పాతిపెట్టాడు.

"మీ నాయన ముఖం చూసి ఊరుకుంటాండా," అన్నాడు చివరికి.

"మా నాయన ముఖం ఏంటికి, నా ముఖం చూసి చెప్పు. నా మొలక మంచిది కాదని ఎట్ల చెప్తావు?"

ఆయన నా ముఖం చూడలేదు. చెల్లదంటే చెల్లదు అని మైకు ఆపేశాడు. వంక లేనోళ్లలో కొందరు ఆడవాళ్లు నేను పోతుంటే ముఖాలు తిప్పుకున్నారు. వాళ్ల వరస చెడగొడుతున్నానని వాళ్ల బాధ. వాళ్లకూ బిడ్డలు కావాలి మరి.

గదికి వచ్చాక రంగముని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "రేపు ఒక్క గంట ఫ్యాన్లు ఆపేద్దామా? అప్పుడు దిగొస్తారు," అన్నాడు. ఈగను కూడా తోలడానికి ఆలోచించే మనిషి నోటి నుంచి ఆ మాట విని నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది.

"ఊళ్లో పిల్లల ఊపిరి ఆపి నాకో పిల్లనియ్యమని అడుగుతానా? ఆ మాట ఇంకోసారి ఎత్తొద్దు. నా కాళ్లున్నాయి, నోరుంది. అవి చాలు."

నమోదు 7

గాలి చూసుకోమని కింది డ్యూటీ వాళ్లకు అప్పజెప్పి వచ్చాను. ఇది సాయంత్రం రాస్తున్నాను.

పొద్దున్నే హుసేనమ్మ బిళ్ల చేత్తో పట్టుకుని పొదిగే గది గడప మీద కూర్చున్నాను. నన్ను దాటుకుని లోపలికి పోవాలంటే నా ఒళ్లో నుంచి పోవాలి. కమిటీ కుర్రాళ్లు వచ్చి లే అక్కా అన్నారు. లేవను తమ్ముడూ అన్నాను. లేపడానికి చెయ్యి వేస్తే హుసేనమ్మ వాళ్ల మీద ఒక్క అరుపు అరిచింది, గుహంతా మారుమోగింది. ఆ అరుపు విని చిట్టెమ్మ వచ్చింది, దాని వెనక ఓబులక్క వచ్చింది, వంకోళ్లంతా ఒక్కొక్కరే వచ్చి నా పక్కన, ఎదురుగా, దారి పొడుగునా కూర్చున్నారు. చిట్టెమ్మ వేవిళ్లతో వాంతి చేసుకుంటూ కూడా లేవలేదు.

కోదండప్ప వచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపే తలుపు తీసుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది.

"బిళ్ల చూసి నాటడం నా పని. బిళ్ల ఎవరి చేతిలో ఉంటే వాళ్లను పిలుస్తాను. ఇది మీ పెద్దలు పెట్టిన కట్టే. మార్చాలంటే ఊరంతా కూర్చుని మార్చండి. అది ఈ పొద్దు కాదు, ఈ పొద్దు మొలకలు చలిపెట్టెలోంచి తీసి మంచు కరిగించినాను."

"వారిజమ్మా, తాజా నీళ్లు..." అన్నాడు ఆయన.

"ఇంకోటి. నీళ్లన్నీ ఒకేసారి కలపను. ఈ పొద్దు సగం. మిగతా సగం మూతేసి పెట్టి వారం మధ్యలో కలుపుతా. అప్పుడు ముందోళ్లకూ తాజాదే, ఎనకోళ్లకూ తాజాదే. మీ దగ్గర ఒక్క చుక్క ఎక్కువ అడగను."

ముఖాలు తిప్పుకున్న ఆడవాళ్లు కూడా ఇప్పుడు ఇటే చూస్తున్నారు.

"ఇంత సులువుదాన్ని ఇన్నేండ్లూ ఏంటికి చేయలేదమ్మా?" అని అడిగింది ఓబులక్క.

"ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు," అంది డాక్టరమ్మ. ఆ మాట చెప్పడం ఆమెకు కష్టంగా ఉన్నట్టు కనబడింది. తర్వాత నా వైపు తిరిగి, "లే సుంకులమ్మా. కాళ్లు కడుక్కునిరా," అంది.

కోదండప్ప అడ్డం రాలేదు. పక్కకు జరిగి నిలబడ్డాడు.

లోపల తెర మీద నా మొలకను చూపించింది. గుండ్రంగా, అంచున చిన్న ఉబ్బుతో, ముత్యమంత కూడా లేదు. రా తల్లీ అని మనసులో అనుకున్నాను. నాటుతున్నప్పుడు నొప్పి లేదు. బయటికి వస్తుంటే ఆడవాళ్లు లేచి దారి ఇచ్చారు, నేనేదో గెలిచి వచ్చినట్టు చేతులు పట్టుకున్నారు.

నమోదు 8

గాలి బాగుంది. నన్ను నిచ్చెన ఎక్కొద్దన్నారు. కింద కూర్చుని బెల్టులు కుడుతున్నాను.

హుసేనమ్మకు ఆఖరి రోజున, రెండోసారి కలిపిన ద్రవంలో పెంచిన మొలక నాటారు. ఓబులక్కకు, ఇంకా చాలామంది వంకోళ్లకు కూడా అందులోనే.

రంగముని రోజూ నా పొట్ట వైపు చూసి ఏమీ అడగకుండా పోతాడు. నేను రోజుకో రకంగా ఉంటున్నాను. పొద్దున నిలిచిందనిపిస్తుంది. మధ్యాహ్నానికి ఏమీ లేదనిపిస్తుంది. పులుపు తినాలనిపిస్తే సంబరపడ్డాను, తీరా చూస్తే పొద్దున ఏమీ తినలేదు. ఆశ పెట్టుకోకూడదని అందరూ చెబుతారు. ఎందుకు పెట్టుకోకూడదు? నా ఆశకు ఊరి నీళ్లు ఖర్చు కావు కదా.

నమోదు 9

గాలి బాగుంది. ఈ చిట్టాలో ఇంత పొడుగు నమోదు ఇంకెవరూ రాసి ఉండరు.

పొద్దున డాక్టరమ్మ రక్తం చూసింది. చూసి నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమె ఎప్పుడూ అలా పక్కన కూర్చోదు కాబట్టి నాకు తెలిసిపోయింది.

"నిలవలేదు సుంకులమ్మా."

నేను చాలాసేపు ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోమనలేదు. తాజా ద్రవం, మంచి మొలక, మొదటి వరస, అన్నీ ఉన్నా పోయింది. ఎందుకని అడిగితే తెలియదని చెప్పింది. వంకా అని అడిగాను. దానికి సూటిగా నా కళ్లలోకి చూసి చెప్పింది. ఓబులక్కకు నీ వంకే ఉంది, నిలిచింది. ఇంకా నలుగురు వంకోళ్లకు నిలిచింది. ఇంతమందికి ఒక్కసారి నిలవడం నేను ఈ ఊళ్లో ఎన్నడూ చూడలేదు. నీకు మాత్రం ఎందుకు పోయిందో నాకు తెలియదు అంది.

బయట హుసేనమ్మ ఉంది. దాని ముఖం చూస్తే నాకు అర్థమైంది, దానికి నిలిచింది. అది నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడింది. నేను అబద్ధం రాయను, ఒక్క క్షణం దాని పొట్ట చూసి నాకు ఈర్ష్యతో ఒళ్లంతా కాలిపోయింది. తర్వాత అది "అక్కా" అంది. ఎప్పుడూ మే అనే మనిషి అక్కా అనేసరికి నేనే దాన్ని దగ్గరికి తీసుకున్నాను.

"నాది నీకు ఇయ్యలేను కదా," అంది వెక్కుతూ.

"నీ బిళ్ల ఇచ్చిందానివి, నోరు మూసుకో," అన్నాను.

సాయంత్రం ముద్దల వేళ కోదండప్ప మైకు ముందుకు వచ్చాడు. హుసేనమ్మ పేరు చదివాడు, నిలిచింది. ఓబులక్క, వంక ఉండాది, నిలిచింది. ఈసారి అదృష్టం అనలేదు. ఒకరి తర్వాత ఒకరు నిలిచింది నిలిచింది అంటుంటే గుహలో అరుపులు, చప్పట్లు. పక్కన రంగముని నా చెయ్యి వదల్లేదు.

"సుంకులమ్మ. వంక ఉండాది. మూడో మొలక. నిలవలేదు. కారణం..."

"ఆగు పెద్దనాయనా!"

అంత గట్టిగా అరిచానని నాకు తెలియలేదు. చప్పట్లు ఆగిపోయాయి. లేచి మైకు దాకా నడిచాను.

"ఆ ముక్క చదవొద్దు. నా వంకే ఓబులక్కకు ఉండాది. ఆమెకు నిలిచింది కదా. నా వంక నాకొక్కదానికే పని చేసిందా? డాక్టరమ్మను అడిగి చదువు."

కోదండప్ప డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె తన చోటు నుంచి లేచి నిలబడింది. "కారణం తెలీదు," అంది, అందరికీ వినబడేలా.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "సుంకులమ్మ. నిలవలేదు. కారణం తెలీదు," అని చదివాడు. తర్వాత మైకు చేత్తో మూసి, నిజంగానే జాలిగా, "పోనీలే తల్లీ. నీ మూడూ అయిపోయినాయి కదా. ఇంగ పేరు కొట్టేయల్ల," అన్నాడు.

"ఏంటికి కొట్టేస్తావు?"

"వంక ఉన్నోళ్లకు మూడే కదమ్మా."

"మూడే అని ఏంటికి పెట్టినారు? వంకతో నిలవదు కాబట్టి. ఇప్పుడే ఊరందరి ముందూ నీ నోటితో చదివినావు, కారణం తెలీదని. పోయిన నెల హుసేనమ్మకు కూడా తెలీదనే చదివినావు. దాని పేరు కొట్టేసినావా? లేదు కదా. మళ్లీ వరస ఇచ్చినావు. నాకూ ఇయ్యి."

వెనక చిట్టెమ్మ "ఇయ్యి పెద్దనాయనా" అంది. ఇంకెవరో అన్నారు. ఆ మాట ఈసారి వంక లేనోళ్ల పంక్తి నుంచి వచ్చింది.

"మళ్లీ గుడ్లు తీసినా నిలవకపోతే?" అన్నాడు ఆయన. బెదిరింపుగా కాదు, నా కోసమే అడిగాడు.

"నిలవకపోతే ఇట్లే వచ్చి నిలవలేదని నేనే మైకులో చదువుతా. నాకేం సిగ్గు లేదు."

బల్ల మీద వచ్చే నెల బిళ్లల సంచులు రెండున్నాయి. పెద్దది వంక లేనోళ్లది, చిన్నది వంకోళ్లది. ఆయన నిట్టూర్చి చిన్న సంచి నా ముందుకు జరిపాడు. నేను అందులో చెయ్యి పెట్టలేదు.

"రెండు సంచులు ఏంటికి?" అన్నాను.

నేను చిన్న సంచి మూతి విప్పి బల్ల మీద బోర్లించాను. తర్వాత పెద్దది ఎత్తాను. బరువుగా ఉంది, రంగముని వచ్చి ఒక చెయ్యి వేశాడు. అదీ బోర్లించాం. రాళ్లు చప్పుడు చేస్తూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రెండు చేతులతో కలియబెట్టి, మొత్తం పెద్ద సంచిలోకి తోసి, కోదండప్ప చేతికిచ్చాను.

"ఇప్పుడు పట్టు. తీసుకుంటా."

గుహంతా ఆయన చేతుల వైపే చూస్తోంది. ఆయన డాక్టరమ్మను చూశాడు, ఆమె తల ఊపింది. ఆయన మెల్లగా సంచి మూతి నా వైపు వెడల్పు చేసి పట్టుకున్నాడు. నేను చెయ్యి లోపలికి పెట్టాను.